పటం మీద గీత.. ఊరికి తలరాత

పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక: ఏమిటీ చదువు? ఎవరు చేరవచ్చు? జిల్లాలకు ఎందుకు అవసరం?

విజయవాడ: 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోత వాన, ఆ వెంటనే పొంగిన బుడమేరు కలిసి సెప్టెంబరు 1 నాటికి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పరిసర కాలనీలను నీట ముంచాయి. రోజుల తరబడి మేడల మీద చిక్కుకుపోయిన వారికి పడవలు, హెలికాప్టర్లు, చివరకు డ్రోన్ల ద్వారా ఆహారం, మంచినీరు అందించవలసి వచ్చింది. నీరు దిగిన తర్వాత అందరి నోటా ఒకటే ప్రశ్న వినిపించింది. వాగు పారే దారిలో ఇన్ని ఇళ్లు ఎలా వచ్చాయి?

ఈ ప్రశ్నకు సమాధానంగా కొందరు అధికారులను, కొందరు ఆక్రమణదారులను, మరికొందరు వానను నిందించారు. అయితే నీరు ఎక్కడినుంచి వచ్చి ఎటు పోతుంది, ఎక్కడ ఇల్లు కట్టవచ్చు, ఎక్కడ కట్టరాదు అన్న సంగతిని ముందుగానే లెక్కగట్టి పటం మీద పెట్టడానికి ప్రత్యేకంగా ఒక చదువు ఉంది. దాని పేరు పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక. ఈ చదువు చెప్పే జాతీయ విద్యాసంస్థలు దేశంలో మూడు ఉండగా, వాటిలో ఒకటి విజయవాడలోనే ఉంది. అయినా ఇంటర్మీడియట్ పూర్తిచేసిన మన జిల్లాల విద్యార్థులలో ఈ కోర్సు పేరు విన్నవారు తక్కువే.

ఊరి సమస్యకు మూలం ఊరి బయట

‘పట్టణ’ అన్న మాట పక్కన ‘ప్రాంతీయ’ అన్న మాట ఎందుకు చేరిందో బుడమేరే చక్కగా వివరిస్తుంది. ఈ వాగు మైలవరం వైపు కొండలలో పుడుతుంది. సహజంగా విజయవాడ పక్కగా ప్రవహించి కొల్లేరులో కలవాలి. నగరాన్ని కాపాడేందుకు వెలగలేరు వద్ద రెగ్యులేటర్ కట్టి, అక్కడినుంచి మళ్లింపు కాలువ ద్వారా వరదను కృష్ణానదిలోకి పంపే ఏర్పాటు చేశారు. 2024లో బుడమేరు పొంగిన సమయానికే కృష్ణ కూడా ఉప్పొంగింది. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండుగా ఉన్న నది మళ్లింపు నీటిని తీసుకోలేకపోయింది. కాలువకు గండ్లు పడ్డాయి. వాగు తన పాత దారిని వెతుక్కుంటూ నగరంలోకి వచ్చింది. ఆ పాత దారిలో అప్పటికే కాలనీలు వెలిశాయి.

అంటే మునిగినది నగరమే అయినా, కారణాలు మైలవరం కొండలలో, వెలగలేరులో, కృష్ణానదిలో, దిగువన కొల్లేరులో ఉన్నాయి. నగరపాలక సంస్థ హద్దులలో మాత్రమే గీసిన పటానికి ఈ కథ అందదు. వాగు మొదలైన చోటునుంచి ముగిసే చోటు వరకు ఒకే ప్రాంతంగా చూడగలగాలి. ప్రాంతీయ ప్రణాళిక చేసే పని ఇదే.

తెలుగునాట ఈ పాఠం కొత్తది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును అతలాకుతలం చేసి వేలమందిని బలిగొన్నది. నిజాం ప్రభుత్వం మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో గోడలు కట్టడంతో సరిపెట్టక, ఎగువ పరీవాహక ప్రాంతమంతా పరిశీలించి జలాశయాలు సూచించారు. ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈలోగా 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి రహదారులు, మురుగుకాలువలు, ఇళ్ల పనులు చేపట్టింది. నగరానికి రక్షణ నగరం బయట దొరికింది. తర్వాతి కాలంలో ఆ జలాశయాల చుట్టూ నిర్మాణాలను అదుపు చేస్తూ 1996లో జీవో 111 వెలువడింది. 2022లో దానిని సడలిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు పెద్ద చర్చే జరిగింది. ఎగువ భూమి యజమాని హక్కు, దిగువ నగరవాసి భద్రత, ఈ రెండింటి మధ్య న్యాయం ఎక్కడ? ప్రణాళిక చదివే విద్యార్థి తరగతిలో ఎదుర్కొనే అసలు ప్రశ్న ఇటువంటిదే.

భవనం వేరు, పట్టణం వేరు

సివిల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, ప్లానింగ్ మూడూ ఒకటే అన్న అపోహ చాలామందిలో ఉంది. వంతెన ఎంత బరువు మోయాలో ఇంజినీరు లెక్కిస్తాడు. భవనం లోపల మనిషి ఎలా మసలాలో ఆర్కిటెక్టు ఆలోచిస్తాడు. అసలు ఆ వంతెన ఆ చోటే ఎందుకు ఉండాలి, అది వస్తే ఏ ఊరి సంత పెరుగుతుంది, ఏ ఊరి సంత పడిపోతుంది, పొలాలు ఇళ్ల స్థలాలుగా మారే వేగం ఎంత, పదిహేనేళ్ల తర్వాత అక్కడ నీరు, బడి, ఆసుపత్రి చాలతాయా అన్నవి ప్రణాళికదారు వేసుకునే ప్రశ్నలు. అందుకే ఈ చదువులో లెక్కలతో పాటు భూగోళం, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం, చట్టం సమానంగా ఉంటాయి.

నాలుగేళ్లలో ఏం నేర్పుతారు?

బి.ప్లానింగ్ నాలుగేళ్ల డిగ్రీ. సంస్థను బట్టి పాఠ్యాంశాల పేర్లు మారినా సారం దాదాపు ఒకటే. తొలి ఏడాదిలో పటాలు చదవడం, గీయడం, భూమి కొలతలు, గణాంకశాస్త్రం, జనావాసాల చరిత్ర, ఆర్థికశాస్త్ర మూలసూత్రాలు నేర్పుతారు. తర్వాతి సంవత్సరాలలో గృహవసతి, రవాణా, నీటిసరఫరా, మురుగు పారుదల, పర్యావరణం, భూమి విలువల లెక్క, స్థానిక సంస్థల ఆదాయ వ్యయాలు, ప్రణాళికా చట్టాలు వస్తాయి. ఉపగ్రహ చిత్రాలను, సర్వే నంబర్ల పటాలను ఒకదాని మీద ఒకటి పొరలుగా పరచి పరిశీలించే భౌగోళిక సమాచార వ్యవస్థ, అంటే జీఐఎస్, ఇప్పుడు తప్పనిసరి పనిముట్టు.

అయితే ఈ చదువుకు గుండెకాయ ‘స్టూడియో’. విద్యార్థులను బృందాలుగా ఒక ఊరికి పంపుతారు. వారు ఇంటింటికీ తిరిగి కుటుంబ వివరాలు సేకరిస్తారు. కూడళ్లలో నిలబడి ఎన్ని ఆటోలు, ఎన్ని లారీలు ఎటు పోతున్నాయో లెక్కిస్తారు. కుళాయి నీరు ఎన్ని గంటలకు వస్తుందో, వానాకాలంలో ఏ వీధిలో నీరు నిలుస్తుందో అడిగి తెలుసుకుంటారు. తిరిగివచ్చి ఆ సమాచారం ఆధారంగా ప్రణాళిక సిద్ధంచేసి అధ్యాపకుల ఎదుట సమర్థించుకోవాలి. మొదట ఒక వీధి లేదా వార్డు, తర్వాత ఒక పట్టణం, ఆపైన కొన్ని మండలాలు కలిసిన ప్రాంతం, ఇలా ఏటేటా పరిధి పెరుగుతుంది. చివరి ఏడాది సొంత పరిశోధన నివేదిక ఉంటుంది.

‘ముందు సర్వే, తర్వాతే ప్లాన్’ అన్న ఈ పద్ధతికి బాటవేసిన వారిలో ముఖ్యుడు స్కాట్లండ్‌కు చెందిన పాట్రిక్ గెడ్డెస్. 1914లో భారతదేశానికి వచ్చిన ఆయన పదేళ్ల కాలంలో అనేక పట్టణాలు కాలినడకన తిరిగి నివేదికలు రాశారు. 1915లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలనూ పరిశీలించారు. పాత పేటలను కూల్చి తిన్నని రోడ్లు వేయడాన్ని ఆయన అంగీకరించలేదు. అవసరమైన చోట ఒకటి రెండు ఇళ్లు మాత్రమే తీసి, గాలి వెలుతురు వచ్చేలా చేస్తే ఖర్చూ తక్కువ, జనానికి బాధా తక్కువ అని వాదించారు. నేటికీ రోడ్డు విస్తరణ జరిగే ప్రతి పట్టణంలో ఆ వాదన పనికివచ్చేదే.

గీత ఎవరి మీదుగా పోతుంది?

మాస్టర్‌ప్లాన్ పటం మీద 80 అడుగుల రోడ్డు ఒక సన్నని గీత మాత్రమే. నేల మీద అది ఒకరి ఇంటి వరండా, మరొకరి కిరాణా కొట్టు, ఇంకొకరు కూతురి పెళ్లికోసం దాచుకున్న అర ఎకరం. పచ్చరంగు వేసిన జోన్‌లో భూమి ఉన్న రైతు దానిని ప్లాట్లుగా అమ్ముకోలేడు. పక్క సర్వే నంబరుకు పసుపు రంగు పడితే ఆ యజమాని రాత్రికి రాత్రే ధనవంతుడవుతాడు. రంగు మారితే విలువ మారుతుంది. కాబట్టి ప్రతి గీత వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం, నష్టపోయినవారికి పరిహారం ఏమిటి అన్నది తేల్చకుండా పటం పూర్తయినట్టు కాదు.

అమరావతి భూసమీకరణ ఇందుకు దేశమంతటా ప్రణాళికా విద్యార్థులు చర్చించే ఉదాహరణ. 2015లో అక్కడి రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని ప్రభుత్వానికి అప్పగించారు. ఎకరా మెట్టభూమికి 1,000 చదరపు గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు భూమికి 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, వీటితోపాటు పదేళ్ల కౌలు ఇస్తామన్నది నాటి ఒప్పందం. భూమి లేని కూలీ కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు. భూసేకరణతో పోలిస్తే రైతుకు అభివృద్ధిలో వాటా దక్కే పద్ధతి ఇది. అయితే ఆ వాటా నగరం కట్టడం మీద ఆధారపడి ఉంటుంది. 2019 తర్వాత పనులు నిలిచిపోయినప్పుడు ప్లాట్ల విలువ ఏమైందో ఆ గ్రామాలకు తెలుసు. కౌలుదారుకూ కూలీకీ వచ్చిన నష్టం ఎంత, ఇచ్చిన పింఛను ఎంత అన్నది మరో లెక్క. ప్రణాళిక కాగితం మీద సక్రమంగా ఉన్నంత మాత్రాన సరిపోదని, కాలం, రాజకీయం, డబ్బు కూడా అందులో భాగమేనని ఈ ఉదాహరణ బోధిస్తుంది.

ఎవరు అర్హులు?

ఇంటర్మీడియట్‌లో గణితం ఒక సబ్జెక్టుగా చదివి, 50 శాతం మార్కులతో ఉత్తీర్ణులైనవారు జేఈఈ మెయిన్ ద్వారా బి.ప్లానింగ్‌కు పోటీపడవచ్చు. భౌతిక, రసాయన శాస్త్రాలు తప్పనిసరి కాదు. అంటే ఎంపీసీ వారితోపాటు ఎంఈసీ చదివినవారు కూడా అర్హులే. ఈ సంగతి తెలియక ఎంఈసీ విద్యార్థులు ఏటా ఈ అవకాశాన్ని వదులుకుంటున్నారు. మార్కుల విషయంలో రిజర్వేషన్ వర్గాలకు ఉండే సడలింపులను ఆయా సంవత్సరపు ప్రకటనలో చూసుకోవాలి.

జేఈఈ మెయిన్‌లో బి.ఇ., బి.టెక్. వారికి పేపర్ 1, బి.ఆర్క్. వారికి పేపర్ 2ఏ, బి.ప్లానింగ్ వారికి పేపర్ 2బి ఉంటాయి. పేపర్ 2బిలో మూడు భాగాలు: గణితం, ఆప్టిట్యూడ్, ప్లానింగ్. చిత్రలేఖనం పరీక్ష బి.ఆర్క్. వారికే గాని బి.ప్లానింగ్ వారికి లేదు. ప్లానింగ్ భాగంలో పదో తరగతి స్థాయి సాంఘికశాస్త్రం, పటాలు, గ్రాఫులు అర్థంచేసుకోవడం, తర్కం వంటి అంశాలపై ప్రశ్నలు వస్తాయి. పాఠశాలలో సాంఘికశాస్త్రాన్ని శ్రద్ధగా చదివిన విద్యార్థికి ఇది కలిసివచ్చే భాగం. 2021 నుంచి జేఈఈ మెయిన్‌ను తెలుగులోనూ రాయవచ్చు. దరఖాస్తు చేసేటప్పుడే ఏ పేపరు రాస్తారో గుర్తించాలి. పేపర్ 1 మాత్రమే ఎంచుకున్నవారికి తర్వాత ప్లానింగ్ సీటు కోరే వీలుండదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

సీట్లు ఎక్కడ?

స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, క్లుప్తంగా ఎస్‌పీఏ, ఢిల్లీ, భోపాల్, విజయవాడలలో ఉంది. ఢిల్లీ సంస్థకు 1941లో మొదలైన ఆర్కిటెక్చర్ విభాగం, 1955లో కేంద్రం స్థాపించిన పట్టణ, గ్రామ ప్రణాళికా పాఠశాల మూలాలు. భోపాల్, విజయవాడ సంస్థలు 2008లో ఏర్పడ్డాయి. 2014 నాటి పార్లమెంటు చట్టం ఈ మూడింటికీ జాతీయ ప్రాధాన్య సంస్థల హోదా కల్పించింది. ఇక్కడ సీట్లను జోసా కౌన్సెలింగ్ ద్వారా కేటాయిస్తారు. భోపాల్‌లోని మౌలానా ఆజాద్ ఎన్‌ఐటీలోనూ బి.ప్లానింగ్ ఉంది.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2008లో జేఎన్‌టీయూ నుంచి వేరుపడింది. అక్కడా ప్లానింగ్‌లో డిగ్రీ, పీజీ కోర్సులు ఉన్నాయి. దాని ప్రవేశ విధానం వేరు కనుక ఆ విశ్వవిద్యాలయ ప్రకటనను విడిగా గమనించాలి. అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయానికీ ఈ రంగంలో మంచి పేరుంది.

పీజీ స్థాయిలో తలుపులు మరింత విశాలం. ఎం.ప్లానింగ్ రెండేళ్ల కోర్సు. బి.ప్లానింగ్, బి.ఆర్క్., సివిల్ ఇంజినీరింగ్ వారితోపాటు భూగోళశాస్త్రం, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రంలో పీజీ చేసినవారిని కూడా పలు సంస్థలు చేర్చుకుంటాయి. ప్రవేశానికి గేట్ స్కోరుకు ప్రాధాన్యం ఉంటుంది. అందులో ‘ఆర్కిటెక్చర్, ప్లానింగ్’ పేరిట ప్రత్యేక పేపరు ఉంది. పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక, రవాణా, పర్యావరణం, గృహవసతి వంటి విభాగాలలో ఒకదానిని ఎంచుకోవచ్చు.

కొలువుల సంగతి

ఈ విషయంలో విద్యార్థులకు, తల్లిదండ్రులకు రెండు వైపులా చెప్పడమే న్యాయం.

అవసరం ఎంతో ఉంది. 2021 సెప్టెంబరులో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణ జనావాసాలలో 65 శాతానికి మాస్టర్‌ప్లానే లేదు. రాష్ట్రాల పట్టణ ప్రణాళికా శాఖలలో 12 వేలకు పైగా ప్రణాళికదారుల పోస్టులు అవసరం కాగా, మంజూరైనవి 3,945 మాత్రమే. వాటిలోనూ 42 శాతం అప్పటికి ఖాళీగా ఉన్నాయి. 2015లో మొదలైన అమృత్ పథకం కింద జీఐఎస్ ఆధారిత మాస్టర్‌ప్లాన్ల తయారీ చేపట్టడంతో ప్రైవేటు సలహా సంస్థలలో పని పెరిగింది. పట్టణాభివృద్ధి సంస్థలు, మెట్రో రైలు సంస్థలు, రవాణా అధ్యయనాలు, విపత్తు నిర్వహణ, స్థిరాస్తి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన కేంద్రాలు ఇతర మార్గాలు.

మరోవైపు, అవసరం ఉన్నంత మాత్రాన ఉద్యోగం సిద్ధంగా ఉంటుందని భావించరాదు. అదే నివేదిక మరో లోపాన్నీ ఎత్తిచూపింది. అనేక రాష్ట్రాలలో పట్టణ ప్రణాళిక ఉద్యోగాలకు ఆ చదువు తప్పనిసరి అర్హత కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు ఏర్పడినప్పుడు ప్రణాళిక, నియంత్రణ కార్యదర్శి పోస్టులు వచ్చాయి. వాటికి సివిల్ డిప్లొమా చదివినవారు కూడా పోటీపడ్డారు. ఆర్కిటెక్టులకు 1972 చట్టం కింద జాతీయ మండలి ఉంది. ప్రణాళికదారులకు అటువంటి చట్టబద్ధ మండలి లేదు. 1951లో ఏర్పడిన భారత పట్టణ ప్రణాళికదారుల సంస్థ సభ్యత్వమే వృత్తికి గుర్తింపుగా చెలామణి అవుతోంది. ప్రభుత్వ నియామకాలు ఏటా జరగవు. ప్రైవేటు సంస్థలలో తొలి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ రంగంతో పోటీపడదు. జీఐఎస్, గణాంకాలు, నివేదిక రాయగల నేర్పు ఉన్నవారు త్వరగా నిలదొక్కుకుంటారు. ఈ విషయాలు తెలిసి చేరినవారికి నిరాశ ఉండదు.

పంచాయతీ పేరు, పట్టణపు బతుకు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 37.7 కోట్ల మంది, అంటే 31 శాతానికి పైగా, పట్టణవాసులు. ఆ లెక్కల్లోనే ‘జనగణన పట్టణాలు’ అనే మాట ఉంది. జనాభా 5 వేలకు మించి, చదరపు కిలోమీటరుకు 400 మందికి తక్కువ కాకుండా నివసిస్తూ, పనిచేసే పురుషులలో 75 శాతం మంది వ్యవసాయేతర వృత్తులలో ఉంటే ఆ ఊరిని జనగణన శాఖ పట్టణంగానే లెక్కిస్తుంది. పాలన మాత్రం పంచాయతీదే. అలాంటివి 2011లో 3,894 తేలాయి. వాటిలో నాలుగింట మూడు వంతులకు మాస్టర్‌ప్లాన్ లేదని నీతి ఆయోగ్ తెలిపింది. హైవే పక్క ఊళ్లలో డొంకదారి మీదే అపార్టుమెంటు లేవడానికి, మురుగు పంటకాలువలోకి వదలడానికి, చెరువు శిఖం ప్లాట్లుగా మారడానికి ఒక కారణం ఇది. ప్రణాళికదారు అవసరం మహానగరాలకన్నా ఇటువంటి ఊళ్లకే ఎక్కువ.

రాజ్యాంగం ఈ అవసరాన్ని గుర్తించింది. 1992 నాటి 74వ సవరణ పట్టణ ప్రణాళికను పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలలో మొదటిదిగా పేర్కొంది. పంచాయతీల, పట్టణాల ప్రణాళికలను కలిపి జిల్లా మొత్తానికి ముసాయిదా తయారుచేసేందుకు ప్రతి జిల్లాలో ప్రణాళికా సంఘం ఉండాలని, అందులో కనీసం అయిదింట నాలుగు వంతుల మంది ఎన్నికైన ప్రతినిధులే ఉండాలని నిర్దేశించింది. వాగు, రోడ్డు, సంత ఊరి హద్దు దగ్గర ఆగవు కాబట్టే ఈ ఏర్పాటు. ఆ ముసాయిదాను శాస్త్రీయంగా తయారుచేయగల మనుషులు జిల్లాలో ఉన్నప్పుడే అది కాగితం దాటుతుంది.

ఈ చదువు చదవనివారికీ ఇందులో ఒక పాత్ర ఉంది. మాస్టర్‌ప్లాన్ ఖరారు కాకముందు ముసాయిదాను ప్రకటించి, నిర్ణీత గడువులోగా ప్రజలనుంచి అభ్యంతరాలు, సూచనలు స్వీకరించాలన్నది చట్టం. తన సర్వే నంబరుకు ఏ రంగు పడింది, ఇంటి ముందు రోడ్డు ఎన్ని అడుగులుగా చూపారు, ఊరి వాగును పటంలో వాగుగానే ఉంచారా అన్నవి ఎవరైనా వెళ్లి చూడవచ్చు. తప్పు ఉంటే కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. గడువు దాటాక చేసే ఆందోళనకన్నా గడువులోపల ఇచ్చిన ఒక అర్జీకి విలువ ఎక్కువ.

బుడమేరు పాత దారి ఎటో ఆ చుట్టుపక్కల పెద్దవారికి ఎప్పుడూ తెలుసు. వారికి తెలిసినది పటంలోకి ఎక్కి, ఆ పటాన్ని గౌరవించి అనుమతులు ఇచ్చే పద్ధతి ఉండాలి. ఊరి పెద్దల జ్ఞాపకాన్నీ ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చదవగల యువతీయువకులు అందుకు కావాలి. వారు మన జిల్లాలనుంచే వస్తే, గీత గీసే చేతికి ఆ నేల కూడా తెలిసి ఉంటుంది.